నలభై రెండో రోజు

గిరిబాబు ఒళ్లో సంచి మళ్లీ టింగుమంది. మదనపల్లె బస్టాండులోంచి బస్సు బయటికి తిరిగినప్పుడు ఒకసారి, ఇప్పుడు స్పీడు బ్రేకరు మీద ఇంకోసారి. నాకు రెండు వరుసల ముందు కూర్చుని, ఆ సంచిని చంటిబిడ్డను పట్టుకున్నట్టు రెండు చేతులతో పట్టుకున్నాడు. నాకు వినపడలేదనుకుంటున్నాడు. నాకా వినపడనిది! గాజు గాజుకు తగిలే చప్పుడు పన్నెండేళ్లుగా వింటున్నాను. మిక్సీ తిరుగుతున్నా, వాన కురుస్తున్నా, పక్కింట్లో టీవీ అరుస్తున్నా అది నాకు విడిగా వినిపిస్తుంది. బస్సెక్కగానే నన్ను చూసి ముఖమంతా నవ్వు చేసుకున్నాడు. "వదినా, నువ్వు కూడా ఇదే బస్సా? మంచిదాయ. నేనూ కుప్పానికే వస్తాండా. స్వామి బండి దిగేటప్పటికి మనోడనేవాడు ఒకడు ఆడ ఉండాల గదా." మనోడట. నేనూ నవ్వాను. ఎందుకు నవ్వానో తెలియదు, నోరు దానికదే నవ్వేసింది, అలవాటు. నా పక్కన ఒకావిడ పెద్ద మూటను కాళ్ల దగ్గర పెట్టుకుని అప్పుడే కునుకు తీస్తోంది, ఆమె భుజం నా భుజం మీద పడింది, అటు కిటికీ, ఇటు ఆమె, కింద మూట. లేచి వేరే సీట్లోకి వెళ్లాలన్నా దారి లేదు. వెళ్లినా ఆ చప్పుడు వస్తూనే ఉంటుంది.

ఈరోజు నలభై ఒకటి. సాయంత్రం నాలుగుకో అయిదుకో శబరిమల నుంచి వచ్చే రైలుబండి కుప్పంలో ఆగుతుంది, మా ఆయన గంగాధర్ దిగుతాడు, మా అత్త కృష్ణమ్మ శాంతిపురం నుంచి వచ్చి కుప్పం గుడిలో తన చేత్తో ఆయన మెడలోని మాల తీస్తుంది. తల్లి వేసిన మాల తల్లే తీయాలి, మాల వేయించిన గురుస్వామి గోవిందస్వామి గారి మాట అది. ఆ తర్వాత మా ఆయన స్వామి కాడు. ఈ నలభై రోజులూ ఊరంతా స్వామీ అనే పిలిచింది. ఆయన నడిపే స్కూలు బస్సులోని ఎల్‌కేజీ పిల్లలు కూడా స్వామీ అన్నారు. పోయిన ఏడు నోటి వాసన పట్టుకుని ఆయన్ను గేటు బయట నిలబెట్టిన మేనేజరు రాజగోపాల్ సారు కూడా "స్వామీ, ఈరోజు మూడో రూటు తీసుకోండి" అన్నాడట, అండి కలిపి. చెప్పులు లేని కాళ్లతో క్లచ్చి తొక్కుతూ, తెల్లవారి నాలుగింటికి మదనపల్లె చలిలో చన్నీళ్లు పోసుకుని, చాప మీద పడుకుని, నన్ను మాతా అని పిలుస్తూ గడిపాడు మా ఆయన. మొదట్లో నవ్వొచ్చేది. కట్టుకున్న పెళ్లాన్ని పట్టుకుని మాతా ఏమిటి అని. తర్వాత ఆ పిలుపు కోసం చెవులు పెట్టుకుని ఉండేదాన్ని. మధ్యాహ్నం నేను అంగళ్లు కాలేజీ ఆఫీసులో కంప్యూటరు ముందున్నప్పుడు ఫోను వచ్చేది. హలో ఉండదు, మాలలో ఉన్నవాళ్లు హలో అనరు. "స్వామి శరణం. భిక్ష అయిందా మాతా? పాప ఏం చేస్తాండాది?" ఆ రెండూ అడిగిన తర్వాతే ఇంకో మాట. పన్నెండేళ్లలో నేను అన్నం తిన్నానో లేదో ఆయనకు పట్టడం ఇదే మొదలు.

ఆయన మానింది ఒక్కటే, తాగుడు. నేను మానినవి మూడు. ఎవరికీ చెప్పలేదు కానీ నేను లెక్కపెట్టుకున్నాను. ఉతకడానికి వేసిన చొక్కా ఎత్తి వాసన చూడటం మానాను. సాయంత్రం ఏడు దాటాక బండి చప్పుడు కోసం, అది ఇంటి ముందు తిన్నగా ఆగిందా, గేటుకు తగిలి ఆగిందా అని వినడం మానాను. అబద్ధాలాడటం మానాను. ఆయనకు జ్వరం సార్, ఆయనకు బీపీ పెరిగింది సార్, వాళ్ల అమ్మకు బాగాలేదు సార్, అన్నీ రాజగోపాల్ సారుకు నేను ఫోనులో చెప్పినవే. ఎంత తేలిగ్గా చెప్పేదాన్నంటే, పొయ్యి మీద పాలు చూసుకుంటూ చెప్పేదాన్ని. ఈ నలభై రోజుల్లో ఒక్కటి కూడా చెప్పవలసి రాలేదు. మొదటి వారం ఏడు కాగానే గుండె దడదడలాడేది, ఏమీ జరగకుండానే. రెండో వారానికి తగ్గింది. మూడో వారంలో ఒకరోజు చూసుకుంటే తొమ్మిదైంది, నేను మా పాప హరితకు ఎక్కాలు చెప్తూ కూర్చున్నాను, టైము చూడనే లేదు. ఆ రోజు నాకు ఏడుపొచ్చింది. సంతోషంతోనే వచ్చింది, అయినా భయం వేసింది. ఇంత బాగుండటం నాకు తెలియకుండా ఉంటేనే మేలేమో అనిపించింది.

టింగు. బస్సు ముందు టమాటా లోడు లారీలు రెండు, దారివ్వవు, డ్రైవరు హారను కొడుతూనే ఉన్నాడు. నెమ్మదిగా పోనీ. అసలు చేరకపోయినా నాకేం. గిరిబాబు సంచిని ఇంకొంచెం దగ్గరికి లాక్కున్నాడు. చెడ్డవాడు కాదు, అదే నా ఖర్మ. చెడ్డవాడైతే తిట్టి పంపేసేదాన్ని. మా ఆయనతో ఐటీఐలో ఒకే బెంచీ, రోడ్డు పక్కన పంచర్ల షాపు, హరిత పుట్టినప్పుడు రక్తమిచ్చింది అతనే. ఈ నలభై రోజులూ మా గడప తొక్కలేదు. స్వామి ఇంటికి తాగే నోటితో రాకూడదని రోడ్డుకు అవతలే నిలబడి చేతులెత్తి దండం పెట్టి పోయేవాడు. అంత భక్తి ఉంది. మాల వేసే ముందు రోజు మాత్రం ఇద్దరూ ఆ షాపు వెనకే కూర్చున్నారు. రేపట్నించి లేదు కదా అని నలభై ఒక్క రోజులదీ ఒకేసారి తాగేసినట్టు తాగారు. వాళ్లకొక నియమం ఉంది, ఎవరు పెట్టారో తెలియదు, ఆ షాపు గుంపంతా పాటిస్తారు. మాలకు ముందు ఆఖరి గ్లాసు ఎవరి చేత్తో తీసుకుంటే మాల తీశాక మొదటిది వాళ్ల చేత్తోనే తీసుకోవాలి. ఇంకొకరు పోస్తే తప్పు. అందుకే కుప్పంలో దొరకనట్టు మదనపల్లె నుంచి మోసుకొస్తున్నాడు. మొక్కు తీర్చుకోవడానికి వెళ్లేవాడి ముఖంలాగే ఉంది అతని ముఖం.

పోయినేడు కూడా మాలే. పోయినేడు కూడా నలభై ఒకటి. అప్పుడు బండిలో వస్తుండగానే వాళ్ల గుంపులో కొందరు, ఇంక దర్శనమైంది కదా అని మాలలు తీసేసుకున్నారు. ఆయన కూడా. నాకు ఫోను చేసి "హలో, ఏమే, నేనే" అన్నాడు. ఆ ఒక్క మాటతో అంతా తెలిసిపోయింది. స్టేషన్లోనే గిరిబాబు ఉన్నాడు, మోటారు సైకిలు ఉంది, మా ఆయన హరితను ముందు కూర్చోబెట్టుకుని నడిపాడు, శాంతిపురం రోడ్డులో కల్వర్టు దగ్గర పడేశాడు. పాప గడ్డం కింద మూడు కుట్లు. ఆసుపత్రిలో బాత్రూంలో జారిందని చెప్పాను. అది నా అబద్ధం, నేను మోస్తాను, సరే. కానీ వారం తర్వాత స్కూల్లో టీచరమ్మ అడిగితే ఎనిమిదేళ్ల పిల్ల, నేను పక్కనే ఉండగా, తడుముకోకుండా "బాత్రూంలో జారి పడినా మేడం" అంది. నేర్పలేదు. నన్ను చూసి నేర్చుకుంది. నా గొంతు, నా ముఖం, అన్నీ నావే. దానికన్నా కుట్లే నయమనిపించింది. పోయినేడు మా ఇంట్లో నలభై రెండో రోజు అనేది రాలేదు. నలభై ఒకటి తర్వాత నేరుగా పాత రోజులే వచ్చాయి. నాకు ఇంకేమీ వద్దు, జీవితాంతం మానాలని కూడా నేను కోరుకోవడం లేదు, అంత ఆశ నాకు లేదు. మెడలో మాల లేకుండా ఒక్క సాయంత్రం. ఉట్టి మనిషిగా అన్నం తిని ఉట్టి మనిషిగా పడుకుని లేస్తే అది నలభై రెండు. నలభై రెండు వస్తే నలభై మూడు రాకూడదని ఎవరన్నారు.

ఆయన కొండకు బయలుదేరే ముందు రోజు అడిగాను కూడా. ఇరుముడికి బియ్యం ఎంచి పెడుతూ, ఆయన వైపు చూడకుండా, మాల తీసినాక కూడా ఇట్లే ఉంటే బాగుంటుంది స్వామీ అన్నాను. "అట్ల అడగొద్దు మాతా. మాల మెడలో ఉన్నంతవరకే నా మాట. తర్వాతకి కూడా మాటిచ్చి తప్పితే స్వామికి కోపమొస్తాది. పాపకు తగులుకుంటాది" అన్నాడు. చూడండి ఎంత నిజాయితీనో! మాటిస్తే తప్పుతానని ముందే తెలుసు, తప్పితే దేవుడికి కోపమొస్తుందని భయం, అందుకని మాటివ్వడు. నా కోపం ఎవరికీ భయం కాదు. గదిలోంచి హరిత అంతా వింటోంది. ఆయన వెళ్లాక అడిగింది, "అమ్మా, నాన్నకి మాల తీయకపోతే ఏమయితాది?" ఏమీ కాదు తల్లీ, తీయాలంతే అన్నాను. "అవ్వకు చెప్తా, తీయొద్దని" అంది. నిన్ననే వాళ్ల అవ్వ దగ్గరికి పంపాను. నాన్నకి వేయడానికి చామంతుల మాల తనే గుచ్చుతానని దారం, సూది సర్దుకుని వెళ్లింది. గడ్డం కింద గీత ఇంకా తెల్లగా ఉంది.

పుంగనూరు వచ్చేస్తోంది, బండరాళ్ల గుట్టలు, పెట్రోలు బంకు, అదిగో మా అక్క అంబిక వాళ్ల వీధి మలుపు. ఈ మాల రోజుల్లో నేను బయట చేరినప్పుడు, స్వామి ఉండే ఇంట్లో ఉండకూడదని అయిదు రోజులు ఇక్కడికే వచ్చి ఉన్నాను. మామూలుగా అయితే ఆ ఆచారం నాకు ఒళ్లు మంట. ఈసారి మాత్రం అక్క ఇంట్లో మధ్యాహ్నం పడుకుంటే సాయంత్రానికి లేచాను. "ఏమే సుమా, ముఖం తేటపడిండాది. ఏం తింటాండావు?" అని అడిగింది. నిద్దరపోతాండా అక్కా అన్నాను. అక్క నవ్వలేదు. నా చెయ్యి పట్టుకుని "తీసే రోజు నువ్వు పోవాకు. పాపను తీసుకొని ఈడికి వచ్చేయ్. ఈడ్నే ఉండిపో" అంది. ఇప్పుడు దిగితే నాలుగు అడుగులు. పక్కావిడను లేపి, మూట దాటి, మెట్లు దిగి, ఆ వీధిలోకి. కాని పాప వాళ్ల అవ్వతో కుప్పం వచ్చేస్తుంది. చామంతులు పట్టుకుని స్టేషన్లో నిలబడి ఉంటుంది. ముందే పంపింది నేనే కదా, నా చేతులతో నేనే దారి మూసుకున్నాను. పాప ఉన్నచోటికి నేను వెళ్లాలి, నేను వెళ్లేచోటికి ఆ సంచి వస్తోంది, ఒకే బస్సులో, ఒకే టైముకి.

బస్సు ఆగింది. పది నిమిషాలని కండక్టరు అరిచాడు. బయట జనం కిటికీల్లోంచి తువ్వాళ్లు, పిల్లల బ్యాగులు లోపలికి విసిరి సీట్లు పట్టుకుంటున్నారు. గిరిబాబు లేచి నా దగ్గరికొచ్చాడు. "వదినా, ఒక టీ తాగి వస్తా. ఈ సంచి రవ్వంత ఒళ్లో పెట్టుకో. కింద పెడితే జనం తొక్కతారు" అని, నేను ఔననకముందే నా ఒళ్లో పెట్టేశాడు. పక్కింటివాళ్లకు పిల్లను అప్పగించినట్టు నాకు అప్పగించి వెళ్లాడు! పన్నెండేళ్ల నా నవ్వు అతనికి అంత నమ్మకమిచ్చింది. బరువుగా ఉంది. చల్లగా కూడా ఉంది. తెరవకూడదు అనుకుంటూనే జిప్పు లాగాను. రెండు సీసాలు, ఒకదానికొకటి తగలకుండా మధ్యలో కొత్త చొక్కా చుట్టి పెట్టాడు, అయినా జారింది. గళ్ల చొక్కా, మా ఆయన కొలత. నల్లబట్టలు విప్పాక వేసుకోవడానికి కొత్తది ఉండాలని అతనికి తోచింది. నాకు తోచలేదు. నాకు ఎందుకు తోచలేదు. పాత చొక్కాలే ఉతికి పెట్టాను నేను, పాత మనిషే వస్తాడని తెలిసినట్టు.

ఫోను మోగింది. ఆయనే. ఎత్తలేదు. ఎత్తితే మొదటి మాట వస్తుంది, హలోనా, శరణమా. మోగి ఆగింది. మళ్లీ మోగింది. పక్కావిడ కళ్లు తెరిచి "ఫోను ఎత్తమ్మా" అంది విసుగ్గా. ఎత్తాను.

"స్వామి శరణం."

అమ్మయ్య. శుభ్రంగా ఉంది గొంతు, ఎక్కడా జారలేదు, మాల మెడలోనే ఉంది. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. శరణం స్వామీ అన్నాను. "సేలం దాటింది బండి. యాడ ఉండావు మాతా?" పుంగనూరు అన్నాను. అన్నం సంగతి అడుగుతాడని చూశాను. పాప సంగతి అడుగుతాడని చూశాను. "గిరి నీ బస్సులోనే వస్తాండాడంట గదా? ఎక్కినాడా?" అన్నాడు. "ఎక్కినాడు స్వామీ." "సరే సరే. శరణం." పెట్టేశాడు.

మాట శరణమే. మనిషి అప్పుడే కుప్పంలో దిగిపోయాడు. మాల ఇంకా మెడలో ఉండగానే అటు చూస్తున్నాడు, వాకిలి దగ్గర చెప్పులు వేసుకుని నిలబడ్డవాడిలా. నాకు కోపం వచ్చింది. ఆయన మీద కాదు, గిరి మీద కూడా కాదు, ఆ గొంతులో ఏమైనా జారిందా అని అంత శ్రద్ధగా విన్న నా చెవుల మీద. నలభై రోజులు మానింది ఒక్క నిమిషంలో తిరిగొచ్చేసింది. నా మాలే ముందు తెగింది. చొక్కా బయటికి లాగి ఒళ్లో పెట్టుకున్నాను. కిటికీ కింద ఉడకేసిన చెనక్కాయల గంప పెట్టుకుని ఒక అవ్వ కూర్చుని ఉంది. అద్దం పక్కకు తోశాను. అందరూ లోపలికి విసురుతుంటే నేను సంచిని బయటికి దించుతున్నాను, పైగా పగలకుండా, రెండు చేతులతో, నిదానంగా. పగిలితే పగలనీ అనుకోలేకపోయాను. "అవ్వా, ఈ సంచి రవ్వంత పట్టుకో." "ఎవురిదమ్మా?" "టీ అంగడి కాడ నీలం చొక్కా వేసుకోనుండాడే, ఆయనది. వస్తాడు." అవ్వ దాన్ని గంప పక్కన పెట్టుకుంది.

గిరిబాబు ఎక్కేసరికి బస్సు వెనక్కి తిరుగుతోంది. నా ఒడి చూశాడు, కాళ్ల దగ్గర చూశాడు. "సంచి ఏది వదినా?" నోట్లోకి మూడు అబద్ధాలు ఒకేసారి వచ్చాయి. ఎవరో పొరపాటున ఎత్తుకుపోయారు, పైన పెట్టాను చూడు, నేను కునుకు తీశాను. ఏదైనా చాలు, కుప్పం దాకా నడిచిపోతుంది. బాత్రూంలో జారి పడినా మేడం అన్న గొంతు వినిపించింది. "కిందికి ఇచ్చేసినా గిరిబాబూ. చెనక్కాయలవ్వ దగ్గరుండాది" అన్నాను.

"యాల?"

"నా ఒళ్లో పెట్టుకోలేక."

అతను నా ముఖంలోకి చూశాడు. పన్నెండేళ్లలో మొదటిసారి నేను అతని ముందు నవ్వలేదు. చొక్కా చూశాడు. సంచి పోతే పోనీలే అని ఉట్టి చేతులతో నాతో వచ్చి ఉంటే, నిజంగా చెబుతున్నాను, పక్కావిడను జరిపి నా పక్కనే కూర్చోబెట్టుకునేదాన్ని, చొక్కా నీ చేత్తోనే ఇవ్వు అనేదాన్ని. ఒక క్షణం అతని కాలు ఆగింది కూడా. అప్పుడే బస్సు ముందుకు కదిలింది. "ఆపప్పా, ఆపు!" అంటూ తలుపు దగ్గరికి పరుగెత్తాడు. "దిగేవాళ్లు ముందే దిగాల గదప్పా" అని కండక్టరు తిడుతూనే ఉన్నాడు, అతను దూకేశాడు. వెనక అద్దంలోంచి కనిపించాడు. సంచి ఎత్తి చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా కదిపి చూసుకున్నాడు. అది బాగానే ఉందని తెలిశాకే బస్సు వైపు తలెత్తాడు. అప్పటికి మలుపు తిరిగిపోయాం.

ఇప్పుడు బస్సులో చప్పుడు లేదు. ఈపాటికి మా ఆయనకు ఫోను చేసే ఉంటాడు. చేయనీ. టిక్కెట్లు చూస్తూ కండక్టరు నా వరసకు వచ్చాడు. "అన్నా, దీని వెనక కుప్పానికి ఇంగొక బస్సు ఎప్పుడుండాది?" అని అడిగాను.

"ముప్పావు గంటకు ఉండాదమ్మా. యాల, నీతో వచ్చినాయన దిగిపోయె?"

"ఔనన్నా. వస్తువు మర్చిపోయినాడు."

ముప్పావు గంట. గిరిబాబు ఆ బస్సులో వచ్చేలోపు, నలభై ఒక్క రోజుల మీద ఇంకో ముప్పావు గంట నాకు దొరికింది. ఇందులో మా అత్త మాల తీసి దేవుడి పటానికి తగిలించడానికి పది నిమిషాలు. పాప చామంతులు వేసి, ఇది గిరి మామ పంపినాడు నాన్నా అని చెప్పి, తన చేత్తో ఈ చొక్కాకు గుండీలు పెట్టడానికి పది. ముగ్గురం ఒక చోట కూర్చుని అన్నం ముందు పెట్టుకోవడానికి అయిదు. ఇంకా ఇరవై నిమిషాలు మిగులుతాయి. ఆ ఇరవై నిమిషాలు ఏం చెయ్యాలో నాకు తెలియడం లేదు. చొక్కా మడత సరిచేసి ఒళ్లో పెట్టుకున్నాను. పలమనేరు వచ్చేలోపు ఆలోచించాలి.